తలుపు పక్కన మేకు

జిన్ను హాల్లో ఉన్నవి ఇవి. గోడ పొడవునా, మనిషి ఎత్తుకు బాగా పైన, తిరిగే ఇనుప షాఫ్టు ఒకటి. దాని మీది నుంచి కిందికి దిగే తోలు పట్టాలు ఇరవై నాలుగు. ఒక్కో పట్టా తిప్పే జిన్ను ఒక్కొక్కటి. ఒక్కో జిన్ను ముందు చెక్క పీట మీద నిలబడి పత్తి వేసే ఆడమనిషి ఒక్కొక్కరు. షాఫ్టు పక్కనే, నూనె పోసే మనిషి నడవడానికి సన్నటి చెక్కల దారి, దానికి ఒక నిచ్చెన. ఇసుక బకెట్లు ఆరు, అందులో ఒకదాంట్లో ఇసుక కన్నా బీడీ ముక్కలే ఎక్కువ. ఒక ఫిట్టరు. ఒక ముకద్దం, అంటే కూలీలను పెట్టుకొని పని చేయించే పెద్దమనిషి. వాళ్లిద్దరికీ పేరుకు పైఅధికారిని నేను. తలుపు ఒకటి. తలుపు పక్కన గోడకు ఒక మేకు, దానికి వేలాడే కందిలి లాంతరు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. ఆఫీసుల బోర్డులు ఇంకా కొన్ని మారలేదు. మాది కరీంనగర్. హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా చదివి, ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగకు దగ్గరున్న ఒక ఊరి జిన్నింగ్ మిల్లులో చేరాను. నా గదిలో స్లైడ్ రూల్ ఒకటి, చొక్కాలు నాలుగు, మా బాపు ఇచ్చిన ఇనుప పెట్టె ఒకటి ఉండేవి. మిల్లులో సగం మంది తెలుగు, సగం మంది మరాఠీ మాట్లాడేవారు. తిట్టేటప్పుడు అందరూ ఉర్దూ మాట్లాడేవారు.

జిన్ను చేసే పని చిన్నదే. పత్తిలో నుంచి గింజను వేరు చేస్తుంది. దూది ముందుకు వస్తుంది, గింజ కిందికి రాలుతుంది. ఆడమనిషి రెండు చేతులతో పత్తి అందిస్తూ ఉండాలి. చేయి ఆగితే రోలరు ఉత్తగా తిరుగుతుంది. ఆమె ఎడమ భుజానికి ఒక మూర దూరంలో పట్టా పరుగెత్తుతూ ఉంటుంది. పట్టాకు నడుము ఎత్తు వరకు ఇనుప జాలి ఉండేది. ఆపైన ఏమీ లేదు. జారిన పట్టాను కట్టెతో మళ్లీ ఎక్కించాలి కాబట్టి అలా వదిలేశారని ఫిట్టరు చెప్పాడు. తలెత్తు జాలి కావాలని, పట్టా ఎక్కించే చోట దానికి తలుపు పెట్టాలని నేను బొమ్మ గీసి ఇచ్చాను. మేనేజరు నాగపూర్‌కు ఆర్డరు పంపాడు. అక్కడి నుంచి వచ్చిన జవాబులో సీజను సగం దాటాక పంపుతామని ఉంది.

అందాకా మాకున్న రక్షణ ఒక్కటే. చీర కొంగును బొడ్లో గట్టిగా దోపుకోవాలి. ఆ రూలు నేను చేరకముందు నుంచే ఉంది. దాన్ని చూసే బాధ్యత ముకద్దంది. రోజుకు ఎన్నోసార్లు ఆయన హాలంతా తిరిగేవాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసాలు, తలకు ఎర్రంచు తెల్ల రుమాలు. తలపాగాను మా వైపు రుమాలంటారు. పోలీసు చర్యకు ముందు నుంచీ ఆయన ఆ మిల్లులోనే ఉన్నాడు. జిన్నుల దగ్గరి ఆడవాళ్లలో ఎక్కువ మంది ఆయన వాడకట్టువాళ్లే. కొందరికి ఆయన మామ, కొందరికి బావ, మిగిలినవాళ్లకు వరసకు ఏదో ఒక పెద్ద.

సాయంత్రం మేనేజరు గదిలో మేమిద్దరం ఆ రోజు సంగతి చెప్పాలి. నేను కొంగులన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పేవాణ్ని. ఆయన ఒక్కటి కూడా సరిగ్గా లేదని చెప్పేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత అది పంతమైంది.

"చిన్నసారూ, మీరు ఎటు చూసిండ్రో ఏమో. నేను పోతే ఒక్కదాని కొంగు బొడ్లె ఉండది. చెప్పి చెప్పి నా గొంతు పోయింది," అన్నాడు ఒకరోజు.

పక్కనే ఉన్న ఫిట్టరు, మీరిద్దరు ఒకే మిల్లుల పనిచేస్తున్నరా, రెండు మిల్లులలనా అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. మేనేజరు వయసును చూసి ముకద్దం మాటే నమ్మాడు.

ఒక ఉదయం ఏడో జిన్ను దగ్గర కొంగు పట్టాకు చిక్కింది. నేను ఇంజను గదిలో ఉన్నాను, కేక విని పరుగెత్తాను. అప్పటికే ఫిట్టరు కట్టెతో పట్టాను తప్పించాడు. చీర భుజం దగ్గర నిలువునా చిరిగింది. ఆమె మెడ మీద ఎర్రటి గీత తేలింది, అంతే. ఎనిమిదో జిన్ను ఆమె గోనెపట్ట తెచ్చి ఆమె మీద కప్పింది. ఏడో జిన్ను ఆమె ముకద్దం సొంత కోడలు. ఆయన ఆమెకు రెండడుగుల దూరంలోనే నిలబడి, గోడ వైపు తిరిగి, గోడను పట్టుకొని ఉన్నాడు. కేక పెట్టింది ఆయనే. ఆమె నోరు తెరవలేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఇదివరకు పనిచేసిన చోట ఇలాగే ఒకామె పోవడం కళ్లారా చూశాడు. తన గదిలో కూర్చొని మాకు ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది. జిన్నుల దగ్గర ఇక ఆడవాళ్లు వద్దన్నాడు. యవత్మాల్ వైపు నుంచి మగవాళ్లను పిలిపిస్తానని, వచ్చే అంగడి, అంటే వారం సంత, అయ్యాక ఆడవాళ్లంతా బయట ఆవరణలో పత్తిలోని ఆకు ఏరాలని చెప్పాడు. బయటి పని బండ్లు వచ్చిన రోజే ఉంటుంది. రాని రోజు ఉండదు. హాల్లో పని సీజను పొడుగునా ఉంటుంది.

ఏడో జిన్ను ఆమె మరునాడే పనికి వచ్చింది. ఆమె భర్త చాందా బొగ్గు గనులకు పోయి రెండేళ్లయింది. కబురు లేదు. ఒక చిన్న బిడ్డతో మామ ఇంట్లోనే ఉంటూ వేరే వండుకుంటుంది. నూనె పోసే దారి కింద నన్ను ఆపి, తలవంచుకొనే అంది.

"జిన్ను పని ఉన్నన్ని దినాలు నా పొయ్యి నాది సార్. అది పోతే ఆయన పొయ్యి కాడ కూసోవాలె. ఆయన వద్దనడు. నాకే పాణం ఒప్పది."

నేను మేనేజరును ఒక వారం అడిగాను. జాగ్రత్త వారం అని దానికి పేరు కూడా పెట్టాను. ఆయన నిట్టూర్చి, అంగడి దాకా చేసుకోమన్నాడు.

నేను చేసినవి: తెలుగు, మరాఠీ, ఉర్దూలలో మూడు బోర్డులు. పట్టాకు చిక్కిన చీరతో ఒక ఆడమనిషి బొమ్మ, ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పెయింటరుతో. పొద్దున పని మొదలుకాక ముందు ఒక ఉపన్యాసం. బోర్డులు చదవగలిగినవాళ్లు హాల్లో ఇద్దరే, ఒకడు ఫిట్టరు, ఒకణ్ని నేను. బొమ్మలోని చీర రంగు బాగుందని, ముఖం మాత్రం పన్నెండో జిన్ను ఆమెలా ఉందని అందరూ తేల్చారు. పన్నెండో జిన్ను ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఉపన్యాసంలో నేను పట్టా వేగం లెక్కగట్టి చెప్పాను. అది విని ఒక ముసలామె, అంత వేగంగా తిరిగేదాని పక్కన నిలబడుతున్నందుకు తన మీద తనకే గౌరవం కలిగిందని అంది.

అయినా సాయంత్రాలు మారలేదు. నా కంటికి అన్నీ సరి, ముకద్దం కంటికి అన్నీ తప్పు.

దీని జవాబు నాకు అనుకోకుండా దొరికింది. షాఫ్టు బేరింగు ఒకటి వేడెక్కుతుందంటే చూడటానికి నిచ్చెన ఎక్కాను. కింద ఇరవై నలుగురి కొంగులూ బొడ్లో ఉన్నాయి. అప్పుడు ముకద్దం తలుపులోంచి లోపలికి వచ్చాడు. మొదటి జిన్ను ఆమె చేయి పత్తిని వదిలి బొడ్లోకి పోయింది. దోపిన కొంగును లాగి, వెనక నుంచి తల మీదికి కప్పుకుంది. తర్వాత రెండో ఆమె, మూడో ఆమె. ఆయన నడిచే దారి వెంట చేతులు ఒకటి వెనక ఒకటి లేస్తూ పోయాయి. ఆయన వాళ్లను చూసేసరికి ఒక్క కొంగు కూడా బొడ్లో లేదు. ఆయన అరిచాడు. ఆయన బయటికి పోగానే కొంగులన్నీ మళ్లీ బొడ్లోకి చేరాయి.

నేను వాళ్లకు ఏ వరసా కాని కరీంనగర్ పిల్లవాణ్ని. నన్ను చూసి ఎవరూ తల కప్పుకోరు.

కారణం తెలిసింది కాబట్టి మందు తేలిక అనుకున్నాను. మేనేజరును అడిగి, బజారు నుంచి తెప్పించిన గుడ్డ తానులోంచి ఇరవై నాలుగు గుడ్డ ముక్కలు కోయించాను. పొద్దున రాగానే తలకు గట్టిగా కట్టుకుంటే తల రోజంతా కప్పే ఉంటుంది, ఇక కొంగుతో పని లేదు. ఆడవాళ్లు సంతోషంగా కట్టుకున్నారు. ముకద్దం వచ్చాడు. గుడ్డ కట్టిన తలల మీదికి కొంగులు మళ్లీ లేచాయి.

మధ్యాహ్నం ఇంజను ఆగాక ఏడో జిన్ను ఆమెను అడిగాను, కప్పి ఉన్న తలను మళ్లీ కప్పడం ఏమిటని.

"పొద్దంత కట్టుకునేది దూదికి సార్. ఆయన రాంగ కప్పుకునేది ఆయనకు," అంది. నేను అర్థం కానట్టు చూసినట్టున్నాను. మళ్లీ చెప్పింది. "ఎప్పటికీ ఉండేదాన్ని ఇజ్జత్ అంటరా? ఆయనను చూడంగనే నా చెయ్యి లేవాలె. లేవకుంటే రేపు ఇంట్ల ఆయన ముంగట ఎట్ల తిరగాలె?"

సద్ది మూట విప్పుకుంటున్న ముసలామె, సారుకు ఇంకా పెండ్లి కాలేదు, వాళ్ల అవ్వను అడుగుమను అంది. అందరూ నవ్వారు. తర్వాత కరీంనగర్ పోయినప్పుడు నిజంగానే మా అవ్వను, అంటే మా అమ్మను, అడిగాను. ఆమె మామ, మా తాత, వాకిట్లోకి రావడం ఆమెకు బీడీ వాసనతోనే తెలిసేదట. చేతులకు పిండి ఉన్నా, పేడ ఉన్నా అదే చేత్తో కొంగు లాగేదట. ఎన్ని చీరలు ఖరాబైనయో అంది, ఏదో గొప్ప చెప్పుకుంటున్నట్టు.

ముకద్దానికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఆడవాళ్లు ఆయన ముందు మాట్లాడరు. కోడలైతే ఆయనకు చెప్పాల్సిన మాట కూడా గోడకో, పక్కమనిషికో చెప్పేది. నేనే చెప్పబోయాను. మీరు హాల్లోకి రావడం కొంచెం తగ్గిస్తే మంచిదని మొదలుపెట్టాను. అది ఎంత తప్పు మొదలో ఆయన ముఖం చూశాక తెలిసింది.

"నన్ను తీసేస్తున్నరా?" అన్నాడు మెల్లగా. నేను కాదంటున్నా వినకుండా వెళ్లిపోయాడు.

అంగడి దగ్గర పడింది. మరునాడు బేరింగు మళ్లీ వేడెక్కుతోంది, మీరొకసారి చూడాలని చెప్పి ఆయనను నిచ్చెన దగ్గరికి తీసుకుపోయాను. బేరింగు ఆ రోజు చల్లగానే ఉంది. నిచ్చెన తలుపు పక్కనే గోడ చాటున ఉంటుంది కాబట్టి మేం రావడం, ఎక్కడం కింద ఎవరూ చూడలేదు. ఆయన ఒక చేత్తో రుమాలు పట్టుకొని, ఆగి ఆగి ఎక్కాడు.

పైన నిలబడి కిందికి చూశాడు. ఒక్కో జిన్నునూ వరసగా చూసుకుంటూ పోయాడు.

"అందరు దోపుకున్నరు గదా," అన్నాడు.

అవునన్నాను.

"ఇయ్యాల మీరు చెప్పిండ్రా?"

"రోజూ ఇట్లనే ఉంటరు."

ఆయన నా వైపు తిరిగాడు. అప్పుడే చివరి జిన్ను ఆమె మెడ నొప్పికి తల వెనక్కి వాల్చింది. దూది పొగ మధ్య దూలం పక్కన ఎర్రంచు రుమాలు ఆమె కంటపడింది. ఆమె చేయి బొడ్లోకి పోయింది. ఆమెను చూసి పక్కామె, పక్కామెను చూసి ఆ పక్కామె. వాళ్లలో సగం మందికి ఆయన ఎక్కడున్నాడో కూడా తెలియదు. షాఫ్టు కదిలితే పట్టాలన్నీ కదిలినట్టు చేతులన్నీ లేచాయి. ఏడో జిన్ను దగ్గర కొంగు చివర గాలికి ఎగిరి, పట్టాకు జానెడు ఇవతల ఊగి, తల మీద పడింది.

ఆయన వద్దు వద్దని రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆ చప్పుడులో మాట వినబడలేదు. చేతులు చూసి కోపం వచ్చిందనుకొని, తల కప్పుకున్నవాళ్లు కొంగును ఇంకా ముందుకు లాక్కున్నారు.

అప్పుడాయన చెక్కల మీద గొంతుక్కూచున్నాడు, దూలం చాటుకు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా. రుమాలు కనబడకుండా తల వంచాడు. కాసేపటికి కింద చేతులు పత్తి మీదికి వచ్చాయి. దిగడానికి లేస్తే మళ్లీ కనబడతాడు. అందుకని మధ్యాహ్నం ఇంజను ఆపేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఒక్కసారే మాట్లాడాడు.

"ఆ దినం నేను దాని పక్కకే పోయిన. నన్ను చూసే గదా."

అది ప్రశ్న కాదు. నేను బేరింగుకు నూనె పోశాను.

మరునాడు పొద్దున ఇంజను మొదలయ్యాక ఆయన తలుపు దగ్గర ఆగాడు. మేకుకున్న కందిలి తీసి కింద పెట్టాడు. తలకున్న రుమాలు తీసి ఆ మేకుకు తగిలించాడు. మా వైపు పెద్దమనిషి నలుగురిలో రుమాలు తీసేది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, లేకపోతే ఒకరి కాళ్ల మీద పడి బతిమాలేటప్పుడు. రుమాలు లేని ఆయన తల నాకు చాలా చిన్నదిగా కనబడింది. నుదుటి మీద రుమాలు కట్టు వల్ల పడిన తెల్లటి గీత ఉంది. లోపలికి వచ్చాడు.

చేతులు అలవాటుగా లేవబోయాయి, కొన్ని సగంలో ఆగాయి. కొందరు ఆయనను గుర్తు పట్టనేలేదు. ఆయన నేరుగా ఏడో జిన్ను దాకా నడిచి, కోడలి వైపు చూడకుండా ఫిట్టరుతో, ఆమెకు వినబడేంత గట్టిగా అన్నాడు.

"లోపల మామ లేడు. మామను మేకుకు తగిలేసి వచ్చిన. గీడ ఉన్నది ముకద్దమే. ముకద్దానికి ఎవలు కొంగు తియ్యద్దని చెప్పు."

ఫిట్టరు ఏం చేయాలో తెలియక ఆమె వైపు చూశాడు. ఆమె చేయి బొడ్డు దగ్గరే ఉంది. కాసేపు అక్కడే ఉండి, పత్తి మీదికి పోయింది. ఆమె ఎనిమిదో జిన్ను ఆమెతో, అదే గొంతుతో అంది.

"ఇంటికి పోయేటప్పుడు మామను గీడనే మర్చిపోవద్దని చెప్పు."

ఎనిమిదో జిన్ను ఆమె నవ్వు ఆపుకోలేక పత్తిలో ముఖం పెట్టుకుంది. ముకద్దం మీసాల కింద ఏం జరిగిందో నాకు కనబడలేదు. ఆయన ముందుకు నడిచాడు.

అన్నీ అంత సులువుగా సర్దుకోలేదు. వరుస చివర్లో ఆయన తమ్ముడి భార్య ఉండేది. ఆమెకు ఆయన బావ. బోడితలతో తిరుగుతుంటే ఇంట్లో సావైనట్టున్నదని, ఇట్లా చూసేకంటే రుమాలు పెట్టుకొని రాకుండా ఉండుడే నయమని ఆమె నాతో గట్టిగానే అంది. ఆమె కొంగు ఎప్పటిలాగే లేచేది. కొన్నాళ్లు చూసి ఆయన ఆ చివరకు పోవడం మానేశాడు. అక్కడికి ఫిట్టరును పంపేవాడు.

అంగడికి ముందు రోజు మేనేజరు హాలుకు వచ్చాడు. మేకుకున్న రుమాలును, నేల మీది కందిలిని చూశాడు. నేను చెప్పాను. ఆయన తలుపు దగ్గరే నిలబడి, ముకద్దం ఇటు చివర నుంచి అటు నడవడం, చివరామెవి తప్ప చేతులన్నీ పత్తి మీదే ఉండడం చూశాడు. తన నల్ల టోపీ ఎప్పుడు తీశాడో, అది చేతిలో పట్టుకొని ఉన్నాడు. ఆయనకు ఆ హాల్లో ఎవరితోనూ వరస లేదు, తీయాల్సిన అవసరం లేదు. యవత్మాల్ మనుషులకు రావద్దని ఆ సాయంత్రమే కబురు పంపాడు.

నాగపూర్ జాలి హోలీ నాటికి వచ్చింది. తలెత్తు, తలుపుతో సహా, నేను గీసినట్టే. బిగించడం అయ్యాక ఇక రుమాలు పెట్టుకొని తిరగొచ్చని ముకద్దానికి చెప్పాను. ఇన్నాళ్లకు తలకు గాలి తగిలింది, బాగానే ఉంది అన్నాడు. మేకు దగ్గర ఆగడం మానలేదు. ఫిట్టరు, నూనె పోసే మనిషి, గోనెలు మోసే ఇద్దరు వరసకు కొందరికి దూరపు బావలే. వాళ్ల రుమాళ్లు కూడా బయటే ఆగడం మొదలైంది. కందిలికి చోటు లేదని ముకద్దం నన్ను స్టోరులోంచి మేకులు అడిగాడు. ఇచ్చాను. తలుపు పక్కన మేకులు ఆరయ్యాయి.

జాగ్రత్త వారం బోర్డులు మూడూ వర్షాకాలం కోసం కప్పు కింద పెట్టారు. వాటి మీద ఎవరో జొన్నలు ఆరబోశారు.

సీజను చివరి రోజు ఇంజను ఆపినప్పుడు జిన్నుల ముందు నుంచి దిగిన ఆడవాళ్లు ఇరవై నలుగురు.